నిప్పు చాలని చోట పొగ

ధౌలా కువాన్ అన్న పేరు వినగానే ఉత్తరాది పేరు, మనకేం తెలుస్తుందిలే అనుకుంటాం. కానీ కొంచెం నిదానించి చూస్తే అది మన చుట్టమే. ధౌలా అంటే తెల్లనిది. ధవళేశ్వరంలో ఉన్న ధవళమే. కువాన్ అంటే బావి, మన కూపం. వెరసి ధవళకూపం. ఇప్పుడు అక్కడికి బావి కోసం ఎవరూ వెళ్లరు. రింగ్ రోడ్డు, గుర్‌గావ్ వెళ్లే రోడ్డు ఒకదాని మీదుగా ఒకటి దాటే కూడలి అది. ఒకవైపు కంటోన్మెంట్, మరోవైపు సర్కారు తుమ్మ కమ్మేసిన రిడ్జ్ అడవి. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల కూడా అక్కడే ఉంది కాబట్టి, ఢిల్లీ చలి అంటే ఏమిటో చాలామంది తెలుగు పిల్లలకు మొదట తెలిసింది ఆ కూడలిలోనే.

జనవరి తెల్లవారుజామున అక్కడ ఏడెనిమిది డిగ్రీలుంటుంది. కొన్నాళ్లు మూడు, నాలుగుకీ దిగుతుంది. అలాంటి ఒక చలికాలంలో, ఆ చుట్టుపక్కల ఒక క్వార్టర్‌లో ఉండే మా పెదనాన్నగారబ్బాయి ఇంట పెళ్లికి వెళ్లాను. ఊరి నుంచి వచ్చిన ముప్పై మందికి స్నానాలకి వేణ్ణీళ్లు కావాలి. గోడ మీది గీజరు నలుగురికి మించి సరిపోదు. అన్నయ్య ఎక్కడినుంచో ఒక దేశీ గీజరు అద్దెకి తెప్పించాడు. అంటే మనం ఇక్కడ రాగి బాయిలర్ అనేదానికి ఇనప తమ్ముడు. నిలువు పీపా, దాని నడుమ పై నుంచి కింది దాకా ఒక గొట్టం, అడుగున ఇనప జాలీ, జాలీ కింద బూడిద అర. గొట్టంలో మంట, గొట్టం చుట్టూ నీళ్లు. పక్కన ఒక గరాటు, ఎదురుగా ఒక వంపు గొట్టం. గరాటులో ఒక బకెట్ చన్నీళ్లు పోస్తే ఆ పక్క నుంచి ఒక బకెట్ వేణ్ణీళ్లు బయటికొస్తాయి. చన్నీళ్లు బరువు కాబట్టి అడుక్కి పోతాయి, వేణ్ణీళ్లు తేలిక కాబట్టి పైకి తేలి ఒలుకుతాయి. పంపు లేదు, మర లేదు. ఇంత తెలివైన వస్తువుని నేను ఆ రోజు వెలిగించి, అరగంటలో పెళ్లివారందరి చేతా కళ్లనీళ్లు పెట్టించాను.

తప్పులు ఒకటి రెండు కాదు. పీపాని వెనక వరండాలో, సజ్జా కింద, గోడకి ఆనించి పెట్టించాను, మంచు పడకుండా. కట్టెలు రెండు రోజుల కింద కొట్టిన సర్కారు తుమ్మ. మాటిమాటికీ వెయ్యక్కర్లేకుండా గొట్టం నిండా ఒకేసారి కూరాను. వేడి వృథాగా పోతోందని గొట్టం మూతి మీద ఒక రేకు సగానికి పైగా కప్పాను. నాకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉందన్న సంగతి ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద. దొడ్డమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఒరే, పచ్చి కట్టె ఏడుస్తోందిరా, ముందు దాని నోరు తెరు" అంది. ఆ రెండు ముక్కల్లో ఈ అధ్యాయం మొత్తం ఉంది. ఆవిడ చెప్పలేదు గానీ, ఎందుకో మనం చూద్దాం.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. సామెతగా బాగానే ఉంది, శాస్త్రంగా తిరగేసి చదువుకోవాలి. నిప్పు చాలనప్పుడే పొగ వస్తుంది. కట్టె తనకు తానుగా మండదు. వేడెక్కుతుంది. వంద డిగ్రీల దగ్గర దానిలో నీరు పోతుంది. రెండు మూడు వందల డిగ్రీలకి చెక్క విరిగి వాయువులుగా, తారుగా మారి బయటికొస్తుంది. మనం మంట అనేది ఆ వాయువులు గాలితో కలిసి మండటం. ఎండిన కట్టె బరువులో మూడు వంతులకి పైగా ఇలా వాయువుగా లేచిపోయేదే. దాని వేడిలో సగం పైన ఆ వాయువుల్లోనే ఉంటుంది. మిగిలేది బొగ్గు. వాయువులు పూర్తిగా కాలాలంటే ఆరేడు వందల డిగ్రీల వేడి, సరిపడా గాలి, ఆ రెండూ కలిసేంత సమయం కావాలి. మూడింట్లో ఏది తగ్గినా ఆ వాయువులు కాలకుండానే చల్లబడి చిన్న చిన్న తారు బొట్లుగా, మసిగా మారతాయి. అదే పొగ. పొగ అంటే మండకుండా పారిపోయిన కట్టె. డబ్బిచ్చి కొన్న కట్టె.

ఇప్పుడు పచ్చి కట్టె సంగతి. దాని బరువులో సగం నీరే ఉండొచ్చు. బొత్తిగా ఎండిన చెక్క కిలో కాలిస్తే సుమారు పద్దెనిమిదిన్నర మెగాజౌళ్ల వేడి వస్తుంది. సగం నీరున్న కిలో కట్టెలో చెక్క అర కిలోయే కాబట్టి తొమ్మిది పైచిలుకు. అందులోంచి ఆ అర కిలో నీటిని ఆవిరి చెయ్యడానికి ఒకటింబావు పోతుంది. మిగిలేది ఎనిమిది. ఆరేడు నెలలు నీడపట్టున ఎండి, ఇరవై శాతం నీరు మిగిలిన కట్టెకైతే పధ్నాలుగు వస్తుంది. నీరు ఆవిరి కావడానికే వేడంతా పోతుందని పుస్తకాల్లో రాస్తుంటారు. లెక్క చూడండి, పోయింది ఒకటింబావే. అసలు నష్టం అది కాదు. ఆ ఆవిరి మంట మధ్యలో లేచి మంటని చల్లారుస్తుంది. ఆరు వందల డిగ్రీల్లో ఉండాల్సిన చోటు నాలుగు వందలకి పడిపోతుంది. అప్పుడు వాయువులు మండవు. మిగిలిన ఎనిమిదిలో సగం పొగగా పొరుగింటి కిటికీలో దూరుతుంది. దొడ్డమ్మ ఏడుపన్నది కట్టె కొసల నుంచి బుసబుసమని కారే నీటిని. కట్టె కొసలు పగుళ్లిచ్చి, రెండు ముక్కలు కొడితే ఠంగుమని మోగితే ఎండినట్టు. దబ్‌మంటే ఇంకా నీళ్లున్నట్టు. దీనికి మీటర్లు కూడా అమ్ముతున్నారు గానీ, చెవి చాలు.

వంద లీటర్ల నీటిని పన్నెండు డిగ్రీల నుంచి అరవైకి కాచాలంటే కావలసింది ఇరవై మెగాజౌళ్లు. కట్టె వేడిలో మూడో వంతు నీళ్లకి చేరుతుందనుకుంటే, ఎండు కట్టె నాలుగున్నర కిలోలు చాలు. పచ్చిదైతే, పొగలో పోయినదీ కలిపి చూస్తే, పదిహేను కిలోలు. మూడు రాళ్ల పొయ్యి మీద కాగు పెడితే ఇంకా ఎక్కువ. మంట కాగు చుట్టూ ఆకాశంలోకి పోతుంది. నడుమ గొట్టం పెట్టిన మనిషెవరో గాని, మంట చుట్టూ నీళ్లు ఉంచాడు. ఆ ఒక్క మలుపుతో సగం కట్టె మిగిల్చాడు.

ఇక గాలి. కట్టె కనబడుతుంది, నీళ్లు కనబడతాయి. మూడోది కనబడదు కాబట్టి తప్పులన్నీ అక్కడే. గొట్టం లోపలి వేడి గాలి తేలిక, బయటి చలి గాలి బరువు. బరువైనది కింద జాలీలోంచి దూరి తేలికైనదాన్ని పైకి నెడుతుంది. ఈ నెట్టుడు ఎంతుంటుంది? పీపా మీద ఒక పొగగొట్టం తగిలించి, మొత్తం రెండు మీటర్ల ఎత్తు ఉందనుకోండి. బయట ఏడు డిగ్రీలు, లోపల నూట యాభై. లెక్క వేస్తే వచ్చే ఒత్తిడి ఎనిమిది పాస్కళ్లు. మామూలు జిరాక్స్ కాగితాలు పది దొంతర పెట్టి అరచేతిలో పెట్టుకుంటే ఎంత ఒత్తిడో అంత. బాయిలర్ ఊపిరి మొత్తం అంతే. దానికి రెండు వంపులు పెట్టండి, మూతి మీద వాన పడకుండా ఇరుకు టోపీ పెట్టండి, బూడిద అర నిండా బూడిద వదిలెయ్యండి. పది కాగితాల బలం రెండు మూడింటికి దిగిపోతుంది. పొగ చల్లబడి అరవై డిగ్రీలకి వస్తే అసలు బలమే ఐదు కాగితాలకి తగ్గుతుంది. బలం తగ్గితే మంట తగ్గుతుంది, మంట తగ్గితే పొగ ఇంకా చల్లబడుతుంది. ఊపిరాడని మనిషికి ఆయాసం పెరిగినట్టు.

వెలిగించే ముందు గొట్టంలో ఉన్నదంతా రాత్రి చలిగాలే. దాన్ని పైకి కదిలించకుండా కింద కట్టెలు పేరిస్తే పొగ వెనక్కి తిరిగి బూడిద అరలోంచి మన ముఖం మీదికి వస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు మొదట రెండు ఎండు కమ్మరేకులు గాని, గుప్పెడు కొబ్బరి పీచు గాని వేసి భగ్గుమనిపించేది అందుకే. గొట్టం వేడెక్కాక చితుకులు, చితుకులు అంటుకున్నాక డొక్కలు, ఆ పైన కట్టె. ఆ వరసలో ప్రతిదానికీ కారణం ఉంది.

ఎక్కడ పెట్టామన్నదీ గాలి లెక్కే. సజ్జా కింద గోడకి ఆనించి పెడితే గోడ మీంచి దూకే గాలి సుడి తిరిగి గొట్టం మూతి మీద పడుతుంది, పొగని లోపలికి తోస్తుంది. పొగగొట్టం మూతి దగ్గరలో ఉన్న సజ్జా, చూరు, గోడ తల అన్నిటికంటే పైకి ఉండాలి. ఇంటి కిటికీకి దూరంగా ఉండాలి. పొగ ఇంటి మీదికి రాకుండా, ఆ కాలంలో వీచే గాలి ఏ దిక్కున పోతుందో ఆ దిక్కున పెట్టుకోవాలి. ఢిల్లీలో చలికాలపు గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది. మేం పీపా పెట్టింది సరిగ్గా వంటింటికి వాయవ్యంలో. వాస్తు తెలిసినాయన ఒకాయన పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు.

మూత సంగతి అన్నిటికన్నా పెద్ద తప్పు. అది నా ఒక్కడి తప్పు కూడా కాదు. అమెరికాలో ఉత్తరాది పల్లెల్లో ఇంటికి దూరంగా గుడిసెలా కట్టిన పెద్ద కట్టె బాయిలర్లు ఉంటాయి. మంట చుట్టూ వందల లీటర్ల నీళ్లు. అక్కడ కాగిన నీరు భూమి కింద గొట్టాల్లో ఇంట్లోకి పోయి గదులు వెచ్చబెట్టి వస్తుంది. నీరు కావలసినంత కాగగానే గాలి రెక్క దానంతటదే మూసుకుంటుంది. నిప్పు ఆరదు, మండదు. గంటల తరబడి కుములుతూ తెల్లటి చిక్కటి పొగ కక్కుతుంది. ఇరుగు పొరుగు తగాదాలు ముదిరాక అక్కడి పర్యావరణ సంస్థ 2015లో కొత్త పరిమితులు పెట్టి, 2020లో వాటిని బిగించింది. అక్కడివాళ్లు చేసే మొదటి పొరపాటు అవసరానికి మించిన బాయిలర్ కొనడం. పెద్దది ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. రెండోది, భూమి కింది గొట్టాలకి సరైన తొడుగు వెయ్యకపోవడం. మట్టిలోకి వేడి దిగి, దారి పొడవునా మంచు కరిగిపోయి గొట్టం ఎక్కడుందో గీత గీసినట్టు కనబడుతుంది.

కుమిలే నిప్పు వదిలే తారు ఊరికే పోదు. గొట్టం గోడ చల్లగా తగలగానే జిడ్డులా అంటుకుని, ఎండి, నల్లగా మెరిసే పెచ్చు కడుతుంది. ఏదో ఒక రోజు పెద్ద మంట పడినప్పుడు ఆ పెచ్చే అంటుకుంటుంది. పొగగొట్టంలో రైలు పోయినట్టు చప్పుడు వస్తే అర్థం అది. అప్పుడు చెయ్యాల్సింది కింద గాలి మూసి దూరంగా జరగడం. పై నుంచి నీళ్లు పొయ్యకూడదు. కాలే గొట్టం పగిలి ఆవిరి మీద పడుతుంది. అసలు పెచ్చే కట్టకుండా ఉండాలంటే, కట్టె తక్కువ వేసి భగభగా మండించు, నీళ్లు కాగాక ఆరనివ్వు. దాచిపెట్టాలనుకుంటే వేడిని నీళ్లలో దాచు, నిప్పులో దాచకు. పీపా చుట్టూ పాత గోనె సంచులు, పైన ఒక మూత (నీళ్ల మూత, నిప్పు మూత కాదు) ఉంటే నీళ్లు చాలాసేపు చల్లారవు.

నీళ్ల వైపు తప్పులు తక్కువే గాని అపాయకరమైనవి. ఆ గరాటు, ఆ వంపు గొట్టం రెండూ ఎప్పుడూ తెరిచి ఉండేవి. అదే దాని ప్రాణరక్షణ. మాటిమాటికీ బకెట్ పొయ్యలేక కొందరు గరాటు తీసేసి పైన ట్యాంకు నుంచి పైపు కలుపుతారు, వంపు గొట్టానికి కుళాయి బిగిస్తారు, ట్యాంకు పైపుకి వాల్వు పెడతారు. రెండూ కట్టేసి ఉన్న ఒక పొద్దున కింద మంట వేస్తే ఆ పీపా ఇంక పీపా కాదు. లీటరు నీరు ఆవిరైతే పదహారు వందల లీటర్లకి పైగా చోటు కావాలి. ఆవిరి అవ్వక ముందే, ఊరికే వేడెక్కితేనే, వంద లీటర్లు మూడు లీటర్లు పెరుగుతాయి. ఆ మూడు లీటర్లు ఎక్కడికి పోవాలి? 1923లో చేసిన బాయిలర్ల చట్టం ఒకటుంది, దాని స్థానంలో 2025లో కొత్తదీ వచ్చింది. అవి ఆవిరి ఒత్తిడితో పనిచేసే యంత్రాల కోసం. మన పెరటి పీపాకి తనిఖీకి ఎవరూ రారు. కాబట్టి ఇన్‌స్పెక్టరు మనమే. ట్యాంకుకి కలిపినా, పీపా నెత్తి మీద నుంచి ట్యాంకు మట్టం కంటే పైకి ఒక గొట్టం, మధ్యలో ఏ వాల్వూ లేకుండా, ఆకాశానికి తెరిచి ఉంచాలి. మామూలు పీవీసీ పైపు ఆ వేడికి మెత్తబడి వంగిపోతుంది. ఇనపదే వాడాలి.

ఢిల్లీ బోరు నీళ్లు చవకగా ఇచ్చేది సున్నం. కాగినకొద్దీ అది గొట్టం వెలుపలి గోడకి తెల్లగా అంటుకుంటుంది. రాగితో పోలిస్తే ఆ పెచ్చు వేడిని పోనిచ్చే శక్తి సుమారు రెండు వందల వంతుల్లో ఒకటి. నీళ్లు కొంచెం ఆలస్యంగా కాగుతాయి, అంతేలే అనుకుంటాం. ఆలస్యం సంగతి అటుంచి, పెచ్చు వెనక ఉన్న లోహానికి నీటి చల్లదనం అందదు. అది ఎర్రగా కాలి, పలచబడి, ఒకనాడు కారడం మొదలెడుతుంది. నెలకోసారి నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్లు నింపి రాత్రంతా ఉంచి కడిగితే చాలు. నీళ్లు లేని పీపాలో మంట వెయ్యడం అనే తప్పు గురించి రాయక్కర్లేదనుకున్నాను. అద్దెకిచ్చినతను మాత్రం తన పీపాలు ఎక్కువగా పాడయ్యేది దానివల్లేనని చెప్పాడు.

ఇప్పటిదాకా చెప్పినవి కళ్లు మండించే తప్పులు. ఇక చెప్పబోయేది కళ్లు మండించదు, అదే దాని దోషం. స్నానాలయ్యాక జాలీ మీద ఎర్రటి నిప్పులు మిగులుతాయి. పొగ లేదు, వాసన లేదు, కణకణలాడుతుంటాయి. ఢిల్లీలో వాటిని పళ్లెంలో ఎత్తుకుని గదిలో పెట్టుకుంటారు. అంగీఠీ అంటారు, మన కుంపటి. పొగ లేదంటే శుభ్రమైన నిప్పనుకుంటాం. నిజానికి బొగ్గు మండేటప్పుడు, ముఖ్యంగా నివురు కప్పిన బొగ్గు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే దాన్ని రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత నిద్ర. మూసిన గదిలో ఆ నిద్ర తెల్లవారదు.

ధౌలా కువాన్‌ని ఆనుకునే ఉన్న కంటోన్మెంట్‌లో 2017 నవంబరులో ఒక విందుకి వంట చెయ్యడానికొచ్చిన కేటరింగ్ పనివాళ్లు ఆరుగురు రాత్రి చలికి ఒక కంటెయినర్లో తలుపులు బిగించుకుని పడుకున్నారు. వంట ముగిసిన తందూరు లోపలే ఉంది. తెల్లారి ఆరుగురూ లేవలేదు. మూసిన చోట నిప్పు ఉంచిన తప్పు అది. మా పెళ్లిలోనూ వంటవాళ్లు జాలీ మీది నిప్పుల్ని తాము పడుకునే గదికి అడిగారు. ఇవ్వనన్నందుకు, ఆంధ్రావాళ్లకి చలి అంటే తెలీదని నన్ను ఆడిపోసుకున్నారు. ఆ పూట వాళ్లకి రెండు రజాయిలు ఎక్కువ ఇచ్చాం.

ఇంత జాగ్రత్తగా వెలిగించినా ఢిల్లీలో ఇంకో చిక్కుంది. దాన్ని ఏ పొగగొట్టమూ తీర్చలేదు. మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా, పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. అందుకే పొగ పైకి లేస్తుంది. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లారి, కింద చలిగాలి, పైన వెచ్చటి గాలి మూతలా పడతాయి. నగరమంతా ఒకే పీపా, దాని మూతి మీద రేకు కప్పినట్టు. నేను అరగంట సేపు చేసిన తప్పు అక్కడ వాతావరణం రాత్రంతా చేస్తుంది. కోనసీమ పెరట్లో కొబ్బరి డొక్కల పొగ సముద్రపు గాలికి ఎటో పోతుంది. ధౌలా కువాన్‌లో పొగ ఎక్కడికీ పోదు, తెల్లారి మనమే దాన్ని పీలుస్తాం.

అందుకే అక్కడి నిబంధనలు కఠినమైనవి. చెత్త, ఆకులు బయట తగలబెడితే ఐదు వేల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే ఉత్తర్వు ఇచ్చింది. గాలి నాణ్యత పడిపోయినప్పుడు అమలయ్యే దశలవారీ ప్రణాళికలో, కాలనీ సంఘాలు కాపలావాళ్లకి విద్యుత్ హీటర్లు ఇచ్చి తీరాలన్న నియమం ఉంది, వాళ్లు కట్టెలు కాల్చకుండా. చెట్టు కొట్టాలన్నా 1994 నాటి చెట్ల సంరక్షణ చట్టం అడ్డు. రిడ్జ్‌లో సర్కారు తుమ్మ ఎంత విరివిగా ఉన్నా అది ఎవరి పొయ్యిదీ కాదు.

మన పల్లెల్లో కథ వేరు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చాక చాలా ఇళ్లలో వంట గ్యాసుకి మారింది, నీళ్ల పొయ్యి మాత్రం పెరట్లోనే ఉండిపోయింది. కంది కట్టె, పత్తి కట్టె, సరుగుడు తుంటలు, కొబ్బరి డొక్కలు ఊరికే దొరికే చోట దాన్ని మానమనడం అన్యాయం. సరిగ్గా మండించమనడం న్యాయం.

నన్నడిగితే ధౌలా కువాన్‌లో కట్టె బాయిలర్ పెట్టడానికి సరైన చోటంటూ లేదు. అన్నయ్య మరుసటి ఏడు ఆ క్వార్టర్ మేడ మీద సూర్యుడి వేడితో పనిచేసే నీళ్ల హీటరు పెట్టించాడు. మబ్బు పట్టిన రోజుల్లో వంద లీటర్లకి ఐదున్నర యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.